ఒకే ప్రేమకథ, రెండు గొంతులు: నవలా రచనపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రేమ నవలను నాయికా నాయకులిద్దరి చేతా వంతులవారీగా చెప్పించడం గురించి గత సంచికలో ఒకే ఒక్క వాక్యం రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే ఉన్నాయి. అన్నింటికీ జవాబు రాయడానికి చోటు చాలదు కనుక, ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి కొన్నింటిని ఇక్కడ తీసుకుంటున్నాను.

ప్రశ్న: నా నవలలో బేసి సంఖ్య అధ్యాయాలను నాయిక వసుధ, సరి సంఖ్య అధ్యాయాలను నాయకుడు రాము చెబుతారు. వసుధ మందుల షాపు నడుపుతుంది, రాము బస్సు డిపోలో మెకానిక్. మొత్తం 23 అధ్యాయాలు పూర్తిచేశాను. రాతప్రతి చదివిన స్నేహితురాలు, పైన పేరు చూస్తే తప్ప ఎవరు మాట్లాడుతున్నారో తెలియడం లేదని చెప్పింది. రెండు గొంతులనూ వేరు చేయడం ఎలా? — ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

మీ స్నేహితురాలు మీకు పెద్ద మేలు చేశారు. మీరు పంపిన రాతప్రతిలో మూడో అధ్యాయం చూడండి. అక్కడ వసుధ, "తొలకరి చినుకులు నా మదిలో ఏవో తెలియని మధురభావాలను మేల్కొలిపాయి" అంటుంది. ఎనిమిదో అధ్యాయంలో రాము, "ఆ వెన్నెల నా గుండెలో ఏదో తెలియని తీయని అలజడి రేపింది" అంటాడు. వీటిలో మొదటిది వసుధ మాట కాదు, రెండోది రాము మాట కాదు. మనమంతా చదువుకున్న సీరియళ్లలోంచి వచ్చి మన చేతివేళ్ల చివర కూర్చున్న మాటలవి.

ఈ పొరపాటు నేనూ చేశాను. చాలా ఏళ్ల కిందట ఇద్దరు కథకులతో ఒక నవల రాసి ఒక మిత్రుడికి ఇస్తే, ఆయన అధ్యాయాల పైన ఉన్న పేర్ల మీద తెల్ల కాగితం ముక్కలు అంటించి, ఆ కట్టను తిరిగి నా చేతికే ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. రాసినవాణ్ణి నేనే అయినా తొమ్మిదో అధ్యాయం దగ్గర తడబడ్డాను. "అడుసు తొక్కనేల, కాలు కడుగనేల" అన్న సామెతను ఇద్దరి చేతా అనిపించానని అప్పుడు గాని నా కంటపడలేదు. ఆ నవల అచ్చు కాలేదు, కాకపోవడమే మంచిదయింది. కాగితం ముక్కల పరీక్షను మాత్రం అప్పటి నుంచి నాకు రాతప్రతులు పంపేవారందరికీ సిఫారసు చేస్తున్నాను.

గొంతులను వేరు చేయడమంటే చాలామంది ఒకరికి ఊతపదం, మరొకరికి ఇంగ్లీషు మాటలు తగిలించడం అనుకుంటారు. అవి రెండు పేజీల్లో పాతబడిపోతాయి. ఒక మనిషి దేనిని చూస్తాడో, దేనిని చూడకుండా దాటిపోతాడో అక్కడ గొంతు మొదలవుతుంది. మీ మూడో అధ్యాయంలో వానలో తడిసిన రాము అమ్మకు మందులు కొనడానికి వసుధ షాపుకు వచ్చే సన్నివేశం ఉంది. నన్ను క్షమిస్తే, దాన్ని ఇద్దరి వైపు నుంచీ ఒకసారి రాసి చూపిస్తాను. ముందుగా వసుధ:

"షట్టరు దించబోతుంటే వచ్చాడు. చీటీ తడిసిపోయి, డాక్టరు రాసిన మూడు మందుల్లో రెండే చదవడానికి వీలుగా ఉన్నాయి. మూడోది ఏమిటని అడిగితే, అమ్మ రాత్రిపూట వేసుకునేది, తెల్లగా ఉంటుంది అన్నాడు. తెల్ల మాత్రలు నా దగ్గర నాలుగు అరల నిండా ఉన్నాయి. ఐదు వందల నోటు ఇచ్చాడు, అదీ తడిసిందే. కౌంటరు మీద పరిచి ఆరబెట్టి చిల్లర లెక్కపెట్టాను."

ఇప్పుడు రాము:

"షట్టరు ఎడమ పట్టాలో ఎక్కడో పట్టేస్తోంది. ఒంటి చేత్తో దిగాల్సిన దాన్ని ఆవిడ రెండు చేతులతో లాగుతోంది. లోపల గ్రీజు ఎండిపోయి ఉంటుంది. మందులు తీసుకుని, చిల్లర తీసుకుని, ఆ సంగతి చెబుదామనుకున్నాను. చెప్పకుండానే వచ్చేశాను. దారంతా ఆ కీచుమనే చప్పుడే చెవిలో ఉంది."

ఇందులో ఎవరి మదిలోనూ మధురభావాలు మేల్కొనలేదు. కానీ చప్పుడు దారంతా చెవిలో ఉండిపోయిన మనిషి మళ్లీ ఆ షాపుకు వస్తాడని పాఠకులు గ్రహిస్తారు. అతనికి పట్టా కనిపించింది, ఆమెకు చీటీ కనిపించింది. ఆమె వాక్యాల్లో లెక్కలు ఉన్నాయి, ఎందుకంటే రోజంతా ఆమె పని లెక్కపెట్టడమే. అతని వాక్యాల్లో ఏది ఎక్కడ బిగుసుకుపోయిందన్న వెతుకులాట ఉంది. మీరు పేర్లు తీసేసినా ఎవరు ఎవరో తెలుస్తుంది.

ఇక తెలుగులో రాసేవారికి ఉన్న ఒక పెద్ద సాధనం సర్వనామం. ఇంగ్లీషులో రాసేవారికి ప్రియుడు తొలి పేజీ నుంచి తుది పేజీ దాకా ఒకే సర్వనామంతో సాగిపోతాడు. మన భాషలో వసుధకు అతను మొదట "ఆ డిపో ఆయన", తరువాత "అతను", ఆ తరువాత ఎప్పుడో "తను". అతనికి ఆమె మొదట "మందుల షాపు మేడమ్", "ఆవిడ", "ఆమె", చివరికి "తను". ఈ మెట్లు ఇద్దరూ ఒకే అధ్యాయంలో ఎక్కకూడదు. అతను ఆరో అధ్యాయంలోనే "తను" అనడం మొదలుపెట్టి, ఆమె పదిహేనో అధ్యాయం దాకా "అతను" దగ్గరే ఆగిపోయిందనుకోండి, ఆ తొమ్మిది అధ్యాయాల ఎడమే మీ కథ. ఎవరి ప్రేమ ముందు మొదలైందో, ఎవరు ఇంకా జంకుతున్నారో మీరు వేరే వాక్యం రాసి చెప్పనక్కరలేదు. "మీరు" నుంచి "నువ్వు"కు మారడమూ అంతే. ఒకరు నోరుజారి "నువ్వు" అన్నప్పుడు, అన్నవారి అధ్యాయంలో ఆ మాట చడీచప్పుడు లేకుండా దొర్లిపోవాలి. విన్నవారి అధ్యాయంలో మాత్రం అది రాత్రంతా మోగాలి.

మీ రాతప్రతిలో వసుధ మొదటి పేజీ నుంచే రామును "తను" అంటోంది. అన్నింటికంటే ముందు దాన్ని దిద్దండి.

ప్రశ్న: ఒక సంఘటనను ఆమె చెప్పిన తరువాత అతనూ చెప్పాలా? చెప్పకపోతే అతని వైపు తెలియదు, చెబితే చదివిందే చదివినట్టు ఉంటుంది. — ఒక పాఠకుడు, ఖమ్మం

మీ భయం సరైనదే. ఇద్దరు కథకుల నవలల్లో సగం ఈ గోతిలోనే పడతాయి. ఆమె అధ్యాయంలో పెళ్లిచూపులు పన్నెండు పేజీలు, తరువాత అతని అధ్యాయంలో అవే పెళ్లిచూపులు, అవే జంతికలు, అదే కాఫీ మరో పన్నెండు పేజీలు. పాఠకులు రెండోసారి కాఫీ తాగడానికి ఒప్పుకోరు.

నేను పాటించే పద్ధతి ఇది. ప్రతి సంఘటనకూ ముందుగా, ఇక్కడ ఎవరికి ఎక్కువ నష్టం జరగబోతోందని అడుగుతాను. ఆ మనిషికే సంఘటనను అప్పగిస్తాను. రెండో మనిషి అధ్యాయం ఆ సంఘటన ముగిసిన చోట, లేదా దాని మరునాడు మొదలవుతుంది. జరిగినదాని ప్రస్తావన వస్తే ఒకటి రెండు వాక్యాల్లో, అదీ మొదటివారు చెప్పినదానికి కాస్త వంకరగా వస్తుంది. పెళ్లిచూపుల్లో అతను తన వైపు ఒక్కసారైనా చూడలేదని ఆమె పన్నెండు పేజీలు బాధపడిందనుకోండి, మరుసటి అధ్యాయం మొదట్లో అతను, "ఆ అమ్మాయి కుడి చేతి గాజుల్లో ఒకటి పగిలి ఉంది, దాన్ని లోపలికి తిప్పుకుంటూనే ఉంది" అంటే చాలు. పన్నెండు పేజీల దృశ్యం అంతా పాఠకుల మనసులో ఒక్కసారిగా తిరగబడుతుంది. రెండోసారి చెప్పడం వల్ల మొదటిసారి చెప్పింది మారిపోవాలి, మారకపోతే కొట్టేయండి.

ఒక్క జాగ్రత్త. సంభాషణను ఇద్దరూ ఉటంకించే పక్షంలో మాటలు అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉండాలి. ఒకరి అధ్యాయంలో "రేపు వస్తాను" అన్నది మరొకరి అధ్యాయంలో "రేపు వచ్చేస్తాలే" అయితే, మీరు మరిచిపోయారని పాఠకులు అనుకుంటారు. జ్ఞాపకాలు ఎలా వేరవుతాయన్నదే మీ కథా వస్తువు అయితే తప్ప ఈ తేడా రానివ్వకండి. అదే వస్తువు అయితే ఆ తేడా ఒకచోట కాదు, నాలుగైదు చోట్ల, కావాలని చేసినట్టు స్పష్టంగా కనిపించాలి.

ఈ సందర్భంలో నాకు పింగళి సూరన గుర్తుకొస్తాడు. ఆయన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామాయణంగానూ భారతంగానూ చదువుకోవచ్చు: గొంతు ఒకటి, కథలు రెండు. మీరు చేస్తున్నది దానికి సరిగ్గా తలకిందులు. అయితే ఇద్దరికీ కష్టం ఒకటే, రెండు దారులూ ఒకదాని కాళ్లు ఒకటి తొక్కకూడదు.

ప్రశ్న: ఉత్తమ పురుషలో "నేను" అని రాయాలా, ప్రథమ పురుషలో "అతను, ఆమె" అని రాయాలా? అధ్యాయం పైన పేరు పెట్టడం చిన్నపిల్లల పుస్తకంలా ఉంటుందని ఒకరు అన్నారు. నిజమేనా? — ఒక పాఠకురాలు, అనంతపురం

రెండు పద్ధతుల్లోనూ మంచి నవలలు రాయవచ్చు. కానీ తెలుగులో "నేను" అని రాసేవారికి ఒక చిక్కు ఉంది. హిందీలో అమ్మాయి "గయీ" అంటుంది, అబ్బాయి "గయా" అంటాడు, మొదటి క్రియ దగ్గరే ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. తెలుగులో "వెళ్లాను" అన్నది ఇద్దరికీ ఒక్కటే. మన క్రియకు లింగభేదం "వెళ్లాడు, వెళ్లింది" అన్న ప్రథమ పురుషలోనే కనిపిస్తుంది. అంటే అధ్యాయం తెరిచిన పాఠకులు, కథకుడు రెండో మనిషిని ప్రస్తావించేదాకా చీకట్లో ఉంటారు. పెద్దవాళ్లను గౌరవవాచకంతో "వచ్చారు" అంటే ఆ ఆధారమూ పోతుంది.

అందువల్ల పేరు పెట్టండి, సిగ్గుపడకండి. 2003లో ఆడ్రీ నిఫెనెగర్ రాసిన ద టైమ్ ట్రావెలర్స్ వైఫ్ అన్న ఇంగ్లీషు ప్రేమ నవలలో కథకుడి పేరే కాక, అధ్యాయం తలపైన తేదీ, ఆనాటికి ఇద్దరి వయస్సులూ ఇస్తారు. 1991 అక్టోబరు 26న హెన్రీకి 28, క్లేర్‌కు 20 అని చదివాకే ఆ సన్నివేశంలోకి వెళ్తాం. అతను కాలంలో ముందుకూ వెనక్కూ జారిపోయే మనిషి కనుక ఆ అంకెలు లేకుండా పాఠకులు ఒక్క అడుగు వేయలేరు. పెద్దల పుస్తకమే అది. అయితే పేరు పెట్టాం కదా అని మొదటి వాక్యాన్ని నిర్లక్ష్యం చేయకండి. చాలామంది పాఠకులు శీర్షికల మీదుగా కళ్లు జార్చి వెళ్లిపోతారు, ఫోనులో కథ వినేవారికి శీర్షిక ఒక్క క్షణం వినిపించి పోతుంది. మొదటి వాక్యంలోనే ఆ మనిషి చెయ్యో, పనో, కోపమో కనిపించాలి.

ప్రశ్న: ఇద్దరి మనసులూ పాఠకులకు తెలిసిపోతే ఇక ఉత్కంఠ ఏముంటుంది? పాత సీరియళ్లలో నాయకుడి మనసు చివరిదాకా తెలియకపోవడమే కదా మనల్ని వారం వారం చదివించింది? — ఒక పాఠకురాలు, విశాఖపట్నం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది మీదే. మీరు చెప్పినది నిజం. కారు దిగి, ఒక్క మాట మాట్లాడి, మళ్లీ కారెక్కి వెళ్లిపోయే ఆ నాయకుడికి అధ్యాయం ఇచ్చి ఉంటే, అతను దారిలో టైరు గాలి గురించి ఆలోచించాడని తెలిసిపోయేది, మోజు అక్కడితో తీరిపోయేది. కొన్ని ప్రేమకథలకు ఒక్క గొంతే కావాలి. 1927 నాటి చలం మైదానం చూడండి, కథంతా రాజేశ్వరి చెబుతుంది. అమీర్ మనకు ఆమె కళ్లలోంచి మాత్రమే కనిపిస్తాడు. అతనికి కూడా వంతు ఇచ్చి ఉంటే ఆ నవల పగిలిపోయేదని నా నమ్మకం, ఎందుకంటే దాని బలమంతా ఆమె ఒక్కతే నిలబడి మాట్లాడటంలో ఉంది. మీ నాయకుడు ఇలాంటివాడైతే అతన్ని మాట్లాడించకండి.

కానీ ఉత్కంఠ ఒకే రకం కాదు. ఒక గొంతు కథలో పాఠకులు నాయికతో పాటు "అతనికి నా మీద ప్రేమ ఉందా?" అని అడుగుతారు. రెండు గొంతుల కథలో ఉందని వారికి ముందే తెలుసు, ఆమెకు తెలియదు. పాఠకులు ఇద్దరి మధ్యా నిలబడి, ఒకరు రాసిన ఉత్తరం తలుపు కింద చాప అడుగుకు జారిపోవడాన్ని చూస్తూ, చెప్పలేక సతమతమవుతారు. ఇద్దరిలో ఒకరు తప్పుగా అర్థం చేసుకున్నదాని ఖరీదు ఎంతో, అది రేపా ఎల్లుండా ఎప్పుడు కట్టాలో వారికి కనిపిస్తూ ఉంటుంది. దీనికి ఇద్దరికీ తెలిసినవి వేరువేరుగా ఉండాలి. ప్రతి అధ్యాయం చివర ఒక కాగితం మీద, ఆమెకు ఇప్పుడు ఏం తెలుసు, అతనికి ఏం తెలుసు, పాఠకులకు ఏం తెలుసు అని మూడు వరుసల్లో రాసుకోండి. మూడు వరుసలూ ఒకటైపోయిన అధ్యాయం దగ్గర మీ నవల చచ్చుబడిపోయిందని అర్థం.

ఇక్కడే ఒక మోసం గురించి చెప్పాలి. నాయకుడు "నేను" అంటూ పది అధ్యాయాలు తన మనసులోని మాటలన్నీ చెప్పి, తనకు ఇదివరకే పెళ్లయిందన్న సంగతిని మాత్రం రచయిత సౌకర్యం కోసం పదకొండో అధ్యాయం దాకా దాచిపెడతాడు. ఎదుటి మనిషి దగ్గర దాచడం మానవ స్వభావం. తన అధ్యాయంలో తన దగ్గరే దాచుకుంటే అది రచయిత చేతివాటం. దాచక తప్పని రహస్యం ఉంటే, అతను ఆ విషయం దగ్గరికి వచ్చినప్పుడల్లా వాక్యం మధ్యలో మాట మార్చడం మనకు కనిపించాలి. అప్పుడు అది అతని బలహీనత అవుతుంది.

ఇంకొకటి, చాలా చిన్నది, మన "ట" ప్రత్యయం. ఆమె అధ్యాయంలో "అతను ఆ రాత్రి నిద్రపోలేదు" అని రాయడానికి వీల్లేదు, ఆమె అక్కడ లేదు. కొత్తగా రాసేవారు దానికి విరుగుడుగా "నిద్రపోలేదట" అని రాస్తారు. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ "అట" అంటే ఆమెకు ఎవరో చెప్పారని అర్థం. ఎవరు చెప్పారు? అతనే తరువాత ఎప్పుడో చెప్పి ఉంటాడు. అంటే ఆ "తరువాత"కు ఇద్దరూ కలిసే ఉన్నారన్నమాట. మూడో అధ్యాయంలో ఒక్క అక్షరంతో మీ ముగింపును పాఠకుల చేతిలో పెట్టేశారు. "కళ్లు చూస్తే నిద్రపోయినట్టు లేడు" అని రాస్తే ఆమె చూసిందీ మిగులుతుంది, మీ ముగింపూ మిగులుతుంది.

ప్రశ్న: కథకులు కథను ఎవరికి చెబుతున్నట్టు రాయాలి? అసలు ఆ విషయం తేల్చుకోవడం అవసరమా? — ఒక పాఠకుడు, హైదరాబాద్

ఇతర భాషల్లో దాటవేయవచ్చేమో గాని, తెలుగులో వీలుకాదు, ఎందుకంటే మనకు "మేము", "మనం" రెండున్నాయి. "ఆ సాయంత్రం మేము ట్యాంక్‌బండ్ మీద నడిచాం" అంటే వింటున్న మనిషి ఆ నడకలో లేడు, అంటే కథ పాఠకులకు చెబుతున్నారు. "ఆ సాయంత్రం మనం నడిచాం" అంటే వింటున్నది ఆ ప్రియుడే, అంటే అది ఉత్తరమో, మనసులోనే అతనితో మాట్లాడుకోవడమో అయి ఉండాలి. మొదటి అధ్యాయంలో "మేము" అని, అయిదో అధ్యాయంలో పొరపాటున "మనం" అంటే, కథకురాలు హఠాత్తుగా పాఠకుల వైపు నుంచి తిరిగి ప్రియుడి వైపు నిలబడినట్టవుతుంది. పొరపాటుగా జరిగితే అది తప్పు. నవల అంతటా "మేము" అని చెప్పిన మనిషి ఒకే ఒక్క చోట, అతను లేనప్పుడు, "మనం" అంటే మాత్రం దానికి మించిన ప్రేమ ప్రకటన ఉండదు.

రవీంద్రనాథ్ టాగూర్ 1916లో పుస్తకంగా తెచ్చిన ఘరే బాయిరే బెంగాలీ నవలను ఈ దృష్టితో చదవమని మీకు సూచిస్తాను. అచ్చమైన ప్రేమ నవల అనలేం గాని, దాంపత్యమూ మోహమూ స్వదేశీ ఉద్యమమూ కలిసిన కథ. అందులో కథకులు ముగ్గురు: బిమల, ఆమె భర్త నిఖిలేశ్, వారి ఇంటికి వచ్చిన ఉద్యమ నాయకుడు సందీప్. ప్రతి భాగం తల మీద అది ఎవరి ఆత్మకథో రాసి ఉంటుంది. బిమల తన కథను అమ్మను తలచుకుని, ఆమెను పిలుస్తూ, ఆమె పాపిటలోని సిందూరాన్ని గుర్తుచేసుకుంటూ మొదలుపెడుతుంది. తప్పు చేశానన్న బరువుతో మాట్లాడే ఇల్లాలు ఇంకెవరికి చెప్పుకుంటుంది? సందీప్ మాటలు ఎప్పుడూ సభలో నిలబడి తనను తానే మెచ్చుకుంటున్నట్టు ఉంటాయి. నిఖిలేశ్ తనతో తాను వాదించుకుంటాడు. ఎవరికి చెబుతున్నారో తేలిపోయాక స్వరం దానంతట అదే కుదురుకుంటుందని ఆ నవల చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

ప్రశ్న: నా నాయకుడు కరీంనగర్ వాడు, నాయిక భీమవరం అమ్మాయి. అతని అధ్యాయాలు తెలంగాణ యాసలో, ఆమె అధ్యాయాలు మామూలు తెలుగులో రాస్తే గొంతులు వేరవుతాయి కదా? — ఒక పాఠకుడు, కరీంనగర్

"మామూలు తెలుగు" అన్న మాట దగ్గర ఆగుదాం. భీమవరం అమ్మాయి ఇంట్లో మాట్లాడేది పత్రికల తెలుగు కాదు. ఆమె మాటల్లో "అండి" ఎన్ని చోట్ల వచ్చి చేరుతుందో మీ నాయకుడిని అడగండి, అతను వెంటనే చెబుతాడు. అతని అధ్యాయాలను యాసలోనూ ఆమె అధ్యాయాలను పుస్తక భాషలోనూ రాస్తే, ఒకరిది భాష అనీ మరొకరిది దాని వంకర అనీ మీరే తీర్పు చెప్పినట్టవుతుంది. ఇద్దరినీ వారి వారి పలుకుబడిలో రాయండి, లేదా ఇద్దరి కథనాన్నీ పుస్తక భాషలో ఉంచి సంభాషణల్లో మాత్రమే పలుకుబడి చూపించండి.

యాసలో రాయాలనుకుంటే పైపైన నాలుగు "మస్తు"లు, రెండు "గట్ల"లు చల్లడం చాలదు. "నేను వచ్చిన, చూసిన, అడిగిన" అన్న క్రియల తీరు అధ్యాయమంతా నిలబడాలి. అతనికి తండ్రి "బాపు", ఆమెకు "నాన్న". అమ్మ చెల్లెలు అతనికి "చిన్నమ్మ", ఆమెకు "పిన్ని". ఈ చుట్టరికపు మాటలు తారుమారైన చోట కథ ఎంతో ముద్దుగా కదులుతుంది. ఇరవయ్యో అధ్యాయంలో ఆమె తన కథనంలో, తనకు తెలియకుండానే, అతని తండ్రిని "బాపు" అని రాసిందనుకోండి. ఆమె ఆ ఇంటి మనిషి అయిపోయిందని చెప్పడానికి పెళ్లి మంటపం అక్కరలేదు.

ప్రశ్న: అధ్యాయాలు కచ్చితంగా ఒకటి విడిచి ఒకటి రావాలా? వారపత్రికకు సీరియల్‌గా పంపాలనుకుంటున్నాను. — ఒక పాఠకురాలు, నెల్లూరు

కచ్చితంగా రానక్కరలేదు. తొలి ఆరు అధ్యాయాల్లో పాఠకులకు వంతు అలవాటు కావాలి, ఆ తరువాత అవసరమైన చోట తప్పించవచ్చు. అతను ఊరు విడిచి వెళ్లిపోయినప్పుడు వరుసగా మూడు అధ్యాయాలు ఆమెకే ఇస్తే, అతని వంతు ఖాళీగా ఉండటమే అతను లేడన్న సంగతిని చెబుతుంది. సీరియల్ విషయంలో మాత్రం లెక్క చూసుకోండి: వారానికి ఒకరి అధ్యాయం చొప్పున వేస్తే ఆమె గొంతు మళ్లీ వినిపించేది 14 రోజుల తరువాత. అప్పటికి ఆమెను ఏ గుమ్మంలో వదిలామో పాఠకులు మరిచిపోతారు. ఒక్కో భాగంలో ఇద్దరికీ చెరి సగం ఇవ్వండి, పేజీలు చాలకపోతే సన్నివేశాలు తగ్గించండి.

ప్రశ్న: మగవాణ్ణి, స్త్రీ గొంతుతో సగం నవల రాయడానికి నాకు అర్హత ఉందా? — ఒక పాఠకుడు, వరంగల్

అర్హతకేం గాని, మీరు పంపిన నమూనాలో మీ నాయిక పొద్దున్నే అద్దం ముందు నిలబడి తన వాలుజడనూ విశాల నేత్రాలనూ వర్ణించుకుంటోంది. బస్సు అందుకోవాల్సిన ఏ ఆడమనిషీ ఆ పని చేయదు. ఆమెకు జడ అంటే రబ్బరు బ్యాండు ఎక్కడ పెట్టానన్న వెతుకులాట. మీ ఇంట్లో అమ్మకో, అక్కకో, భార్యకో ఆ అధ్యాయం చదివి వినిపించండి. వారు ఎక్కడ నవ్వారో అక్కడ గీత పెట్టుకోండి. ఇదే మాట అబ్బాయి గొంతు రాసే రచయిత్రులకూ వర్తిస్తుంది. వారి నాయకులు ఒక్కోసారి మరీ ఓపికమంతులు.

ప్రశ్న: చివరి అధ్యాయం ఎవరికి ఇవ్వాలి? ఇద్దరూ కలిసి చెప్పినట్టు రాయవచ్చా? — ఒక పాఠకురాలు, తిరుపతి

ఇద్దరూ కలిసి ఒకే గొంతుతో చెప్పే ముగింపులు నేను చాలా చదివాను, ఒక్కటీ నాకు నచ్చలేదు. ఇరవై అధ్యాయాలు శ్రమపడి రెండు గొంతులను పెంచి, చివర్లో ఒక గొంతును మింగేయడం ఎందుకు? చివరి వంతు ఇద్దరిలో తక్కువ తెలిసిన మనిషికి ఇవ్వండి. ఘరే బాయిరే ముగిసేది బిమల గొంతుతోనే. అల్లరిమూకను ఆపడానికి వెళ్లిన భర్తను తలకు గాయంతో పల్లకీలో తీసుకొస్తారు, అతను బతుకుతాడో లేదో ఆమెకు తెలియదు, మనకూ తెలియదు. నిఖిలేశ్‌కు మరొక్క భాగం ఇచ్చి ఉంటే ఆ రాత్రి అక్కడే చెదిరిపోయేది.

రాజమహేంద్రవరం పాఠకురాలు కూడా దీన్ని చదువుతారని ఆశిస్తాను. మీ 22వ అధ్యాయంలో రాము పొద్దున్నే, షాపు తెరవకముందే వెళ్లి, షట్టరు పట్టాకు గ్రీజు పూసి, ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చుని, వసుధ వచ్చి ఒంటి చేత్తో షట్టరు ఎత్తడాన్ని చూస్తాడు. ఆమె ఒక్క క్షణం ఆగి తన చేతి వైపు చూసుకుంటుంది. ఆమె ఏమనుకుందో అతనికి తెలియదు. 23వ అధ్యాయంలో అదంతా వసుధ మనకు నాలుగు పేజీల్లో వివరిస్తుంది. ఆ నాలుగు పేజీలూ తీసేయండి.